నీరటి లేని చెరువు

ముసురు పట్టిన రాత్రి చెరువు కట్ట మీద లాంతరు కదులుతుంటే ఊరు నిశ్చింతగా పడుకునేది. ఆ లాంతరు పట్టుకున్న మనిషి నీరటి. కొన్ని ఊళ్ళలో నీరడి అంటారు. వరంగల్ నుంచి ఖమ్మం పోయే దారిలో ఆకేరు వాగు పక్కనున్న వర్ధన్నపేటలో, చుట్టూ ఇల్లంద, ఉప్పరపల్లి లాంటి ఊళ్ళలో, చెరువో కుంటో ఉన్న ప్రతిచోటా ఆ కొలువు ఉండేది. ఇప్పుడూ చెరువులున్నాయి, కట్టలున్నాయి. ఆ కొలువే లేదు. అది ఒక్కనాడు పోలేదు. ఫలానా తేదీ నుంచి రద్దు అని ఎవరూ సంతకం పెట్టలేదు. డెబ్బై ఏళ్ళ పాటు కొంచెం కొంచెంగా అరిగిపోయింది. విచిత్రమేమంటే, చెరువును, అందులోని నీటిని ఎలా కాపాడుకోవాలో జనానికి నేర్పుతామని ప్రభుత్వాలూ ప్రపంచ బ్యాంకూ వరసబెట్టి శిక్షణ తరగతులు పెట్టింది కూడా ఈ డెబ్బై ఏళ్ళలోనే.

ఇంతకీ నీరటికి తెలిసిందేమిటి?

మొదట తూము. చెరువులో నిలబెట్టిన రెండు రాతి స్తంభాలు, వాటి మధ్య అడ్డరాళ్ళలోంచి కిందికి దిగే పొడుగాటి కర్ర, కర్ర కొసకు అడుగు కంతలో సరిగ్గా కూర్చునే బిరడా. కర్రను జానెడు ఎత్తితే ఎంత నీరు పోతుంది, మూరెడు ఎత్తితే ఎంత, ఎత్తిన ఎన్ని గడియలకు కాలువ చివరి మడి తడుస్తుంది అన్నదంతా అతని నోటి లెక్క. చెరువు నిండా ఉన్నప్పుడు జానెడుకు వచ్చే నీరు, చెరువు సగమైనప్పుడు అదే జానెడుకు రాదు. పైన నిలిచిన నీటి బరువు తగ్గితే ధార పలచబడుతుంది. ఇంజినీరు దీన్ని సూత్రంగా రాసుకుంటాడు. నీరటి కాలువలో నిలబడి పిక్కకు తగిలే వేగాన్ని బట్టి చెప్పేవాడు. బిరడా ఇరుక్కుపోతే ఊపిరి బిగబట్టి మునిగి చేత్తో సర్దేదీ అతనే.

తర్వాత కట్ట. ఎలుక బొక్క ఎక్కడుంది, ఎండ్రకాయ ఎక్కడ తొలిచింది, చెదపుట్ట ఏ చోట లేచింది చూసుకోవాలి. కట్ట మీద మొలిచిన తుమ్మను చిన్నప్పుడే పీకెయ్యాలి. పెరిగాక నరికితే లోపల వేరు కుళ్ళి నీటికి దారి అవుతుంది. కట్ట వెనక తడి కనిపిస్తే భయపడాలా వద్దా అన్నది అన్నిటికంటే పెద్ద విద్య. ఊట తేటగా వస్తుంటే ఫరవా లేదు, కట్ట తాగిన నీరే అది. బురద కలిసి వస్తుంటే మాత్రం లోపల మట్టి కదిలిపోతోందన్నమాట, ఇక ఆ రాత్రి ఊరంతా లేవాల్సిందే. లాంతరు పట్టుకుని తిరిగింది ఆ నీటి రంగు చూడ్డానికే. మత్తడి, అంటే అలుగు, దుంకుతుంటే పిల్లలకు వేడుక, నీరటికి గుండెదడ. గొలుసుకట్టు చెరువుల్లో పై చెరువు మత్తడి నీరే కింది చెరువుకు ఆధారం. పైన గండి పడితే కింద వరసగా తెగుతూ పోతాయి. అందుకే పై ఊరి నీరటి కింది ఊరి నీరటికి కబురు పంపేవాడు.

మూడోది నీళ్ళ మంచీచెడూ. దీన్ని ఎవరూ పాండిత్యంగా లెక్కపెట్టలేదు. పశువులు ఏ రేవున దిగాలి, బట్టలు ఏ బండ మీద ఉతకాలి, జనుము కట్టలు ఏ కుంటలో నానబెట్టాలి అన్నదాని వెనక తాగే నీటి లెక్క ఉంది. వరద వచ్చి పడే ఎగువ మూలన జమ్ము, తుంగ ఒత్తుగా పెరుగుతాయి. ఆ గడ్డిలో వరద నెమ్మదించి ఒండ్రు అక్కడే దిగుతుంది, లోపలికి పోయే నీరు తేరుకుంటుంది. చిత్తడి నేలలు చేసే పని ఇదేనని ఇవాళ పర్యావరణ పుస్తకాలన్నీ చెబుతాయి. తూము దగ్గర మొలిచిన గడ్డిని కోసి, ఎగువ మూలన మొలిచిన గడ్డిని వదిలెయ్యడం పుస్తకం చదివి నేర్చుకున్నది కాదు. ఆ జమ్ములోనే నీటికోళ్ళు గుడ్లు పెట్టేవి, కొరమీను పిల్లలు దాక్కునేవి. శిఖంలో, అంటే చెరువు గర్భంలో, నీరు తగ్గే కొద్దీ కొంగలు దిగేవి, వాటి వెనకే దోస తీగలు పెట్టుకునేవాళ్ళు దిగేవారు.

ఇంత తెలిసిన మనిషికి ఊరిచ్చింది కొంచెం ఇనాం భూమి, కల్లం దగ్గర రైతులు కొలిచిచ్చే మేర గింజలు. మరీ పొగడాల్సిన వ్యవస్థేమీ కాదు. ఎక్కువచోట్ల నీరటి దళితుడు. అర్ధరాత్రి లేపినా, జ్వరంతో పడుకున్నా, ‘ఏందిరా’ అని పిలిస్తే పలకాల్సిందే. వెట్టి తెలంగాణ పల్లెను నలిపిన రోజుల్లో నీరటికి మినహాయింపేమీ లేదు. అతని కొడుక్కి కూడా అదే రాత. వేరే పని చేస్తానంటే ఒప్పుకునే ఊరు కాదు. అటువంటి ఏర్పాటు పోవాల్సిందే. పోయినందుకు ఏడవడం అన్యాయం. నా బాధ వేరు. కొలువులోని బానిసతనాన్ని తీసేసి విద్యను ఉంచుకోవచ్చు. మనం విద్యను పోనిచ్చి, బానిసతనాన్ని మాత్రం చాలాకాలం ఉంచుకున్నాం.

రాజుల కాలంలోనూ అతని పేరు ఎవరూ రాయలేదు. చెరువు తవ్వించడం సప్తసంతానాల్లో ఒకటని నమ్మిన నేల ఇది. కాకతీయులూ వాళ్ళ సామంతులూ పాకాల, రామప్ప, లక్నవరం కట్టించి శాసనాలు వేయించుకున్నారు. చెరువు కట్టి నిలబెట్టినవాడికి పదో వంతు ఇచ్చే దశబంధ మాన్యం శాసనాల్లో కనిపిస్తుంది. కడప జిల్లా పోరుమామిళ్ళలో 1369 నాటి శాసనం ఒకటి ఉంది. చెరువు శాస్త్రం మీద తెలుగునేలలో అంత వివరమైన రాతి పాఠం మరొకటి చూడం. మంచి చెరువుకు పన్నెండు లక్షణాలు, ఆరు దోషాలు చెప్పారు. ధర్మం తెలిసిన రాజు ఉండాలట, జలశాస్త్రం చదివిన పండితుడు ఉండాలట, గట్టి నేల, తీపి నీటి ఏరు, లోతైన గర్భం, దగ్గర్లో రాతి గని, చివరికి కట్టే పనిలో ఆరితేరిన మనుషులు ఉండాలట. కట్ట ఊరడం, చవుడు నేల, రెండు రాజ్యాల పొలిమేరలో ఉండడం దోషాలు. వెయ్యి మంది కూలీలు రెండేళ్ళు పని చేశారనీ ఉంది. చదివినప్పుడల్లా నాకు ఒక్కటే తడుతుంది. కట్టిన తర్వాత రాత్రీ పగలూ దాన్ని కనిపెట్టుకుని ఉండేవాడు ఆ పన్నెండింటిలో లేడు. శాసనం రాసిన పండితుడికి అతను కళ్ళముందు ఉండే ఉంటాడు, లెక్కలోకి రాలేదంతే. తర్వాత ఆరున్నర శతాబ్దాలు మనవాళ్ళు చేసిన పథకాలన్నిటిలోనూ అదే లోపం.

పతనం మొదలైంది నిజాం రాజ్యం పోయాక. 1955 నాటి హైదరాబాదు ఇనాముల రద్దు చట్టం సేత్‌సింధీ, నీరడి, బల్తా ఇనాములను పేరు పెట్టి విడిగా ప్రస్తావించింది. చట్టం పుస్తకంలోకి ఎక్కేంత గుర్తింపు ఆ కొలువుకు ఉందన్నమాట. తర్వాతి తరాల్లో ఆ భూమి చెక్కలు పంపకాల్లో, అమ్మకాల్లో, అప్పుల్లో కరిగిపోయాయి. భూమి పోయాక మిగిలింది మేర. 1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం పటేల్ పట్వారీ వ్యవస్థను ఎత్తేసింది. ఊళ్ళు పండగ చేసుకున్నాయి, చేసుకోవాల్సిందే. కానీ నీరటికి పని పురమాయించి, రైతుల దగ్గర మేర ఇప్పించే చెయ్యి కూడా ఆ రోజుతో పోయింది. ఇవ్వాలనుకున్న రైతు ఇచ్చాడు, వద్దనుకున్నవాడు ముఖం తిప్పుకున్నాడు.

అప్పటికే బోరు బండి ఊళ్ళోకి వచ్చింది. ఎవరి చేలో వాళ్ళకు నీళ్ళు పడితే తూముతో పనేముంది? శ్రీరాంసాగర్ కాకతీయ కాలువ నీళ్ళు వస్తాయని కొందరు, ఉచిత కరెంటు ఉంది కదా అని ఇంకొందరు చెరువు వైపు చూడటం మానేశారు. చెరువు నిండితేనే బోరు పలుకుతుందన్న సంగతి బోరు ఎండిన ఏడాది గుర్తొచ్చేది, వాన పడగానే మరుపున పడేది. నీరటి కొడుకు హైదరాబాద్‌కు పోయాడు, మేస్త్రీ కింద పనికో, వాచ్‌మన్‌గానో. అపార్ట్‌మెంటు సంపుకు కాపలా కాయడం కూడా నీటి కాపలానే అనుకుంటే అనుకోవచ్చు.

ఇక్కడ శిక్షణల కథ మొదలవుతుంది.

1997లో ఆంధ్రప్రదేశ్ రైతుల సాగునీటి వ్యవస్థల యాజమాన్య చట్టం వచ్చింది. దేశమంతా దాని గురించి మాట్లాడుకుంది. ఆ జూన్‌లో ఎన్నికలు పెట్టి 10,292 నీటి సంఘాలను నిలబెట్టారు. చెరువు ఇక సర్కారుది కాదు, రైతులది అన్నారు. ఆలోచన గొప్పది. హిమాయత్‌సాగర్ ఒడ్డున ఉన్న వాలంతరి సంస్థ ఈ సంఘాలకు పాఠాలు చెప్పే పెద్ద బడి అయింది. అధ్యక్షులను పిలిచి కట్ట, తూము, మత్తడి బొమ్మలు చూపించి, తీర్మానం ఎలా రాయాలో, ఎస్టిమేటు ఎలా చదవాలో నేర్పారు. అయితే ఆ చట్టంలో ఒక చిన్న షరతు ఉంది. సంఘంలో ఓటు ఆయకట్టు కింద భూమి ఉన్నవాళ్ళకే. నీరటికి భూమి లేదు. అంటే తూము తిప్పడం అందరికంటే బాగా తెలిసినవాడు నీటి సంఘానికి బయటివాడయ్యాడు. గంగపుత్రుడు, ముదిరాజు, చాకలి, శిఖంలో గొర్లు మేపుకునే గొల్ల, వీళ్ళూ అంతే. చెరువు మీద బతికే కులాలను గట్టున నిలబెట్టి, బోరున్న రైతును అధ్యక్షుణ్ణి చేశాం. అతనికి చెరువు నీటితో పనిలేదు, పనుల బిల్లులతో ఉంది. అందరూ అలా లేరు, పట్టుదలగా కాలువ తవ్వించినవాళ్ళను నేనెరుగుదును. కానీ చివరికి నీటి సంఘం అంటే కాంట్రాక్టు అన్న పేరు పడిపోయింది. తెలంగాణ వచ్చిన తొలి పదేళ్ళలో వాటికి ఎన్నికలే జరగలేదు.

ఆ చట్టం వచ్చిన 1997-98లోనే వరంగల్ జిల్లాలో పత్తి రైతులు పురుగుమందు తాగి చనిపోయిన వార్తలు దేశాన్ని కుదిపాయి. ఆ మందే చేల మీంచి వాన నీటితో కొట్టుకొచ్చి చెరువులో చేరుతోందన్న సంగతి, చావుల ముందు చిన్నదైపోయి ఎవరికీ పట్టలేదు. యూరియా కూడా అంతే. నీటిలో ఎరువు ఎక్కువైతే పాచి పచ్చగా పేరుకుంటుంది. పగలు ఎండలో పాచి ఊపిరి వదులుతుంది. రాత్రి అదే పాచి నీటిలోని ప్రాణవాయువును తాగేస్తుంది. తెల్లవారుజామున చేపలు నోళ్ళు తెరుచుకుని పైకి వస్తాయి. మబ్బు పట్టిన రెండు రోజుల తర్వాత ఓ పొద్దున చెరువంతా తెల్లటి పొట్టలు తేలితే, ఎవరో విషం కలిపారని ఊళ్ళో గొడవలు మొదలవుతాయి. చాలాసార్లు కలిపినవాడు ఒక్కడు కాదు. ఆయకట్టు మొత్తం కలిపిందే.

నీటి నాణ్యత పాఠాలు 2006లో పల్లెకు వచ్చాయి. ఆ ఫిబ్రవరిలో కేంద్రం గ్రామీణ తాగునీటి నాణ్యత పర్యవేక్షణ కార్యక్రమం మొదలుపెట్టింది. పంచాయతీకి ఐదుగురికి నీటి పరీక్ష నేర్పాలన్నది లెక్క. పదమూడేళ్ళ తర్వాత జల్ జీవన్ మిషన్ వచ్చి ఊరికి ఐదుగురు మహిళలు అంది. రెండుసార్లూ చేతికిచ్చింది ఒక పెట్టె. అందులో క్లోరిన్, ఫ్లోరైడ్, నైట్రేట్ చూసే మందు సీసాలు, రంగుల పట్టీ ఉంటాయి. వాటిలో నాకు నచ్చినది బాక్టీరియా సీసా. చిన్న గాజు సీసా, అడుగున మందు. గీత దాకా నీళ్ళు పోసి మూత బిగించి ఒకటి రెండు రోజులు గదిలో పెట్టాలి. నీరు నల్లబడితే మురుగు కలిసినట్టు అనుమానించాలి. చదువు రాని అవ్వకు కూడా అర్థమయ్యే పరీక్ష ఇది. తరగతిలో నేర్చుకున్న ఆడవాళ్ళు చక్కగా చేస్తారు కూడా. సీసా నల్లబడ్డాక ఏం చెయ్యాలన్నదే చిక్కు. ట్యాంకు కడగమని ఎవరికి చెప్పాలి, చెబితే వినాల్సిన బాధ్యత ఎవరిది, పైపు మురుగు కాలువలో మునిగి ఉంటే దాన్ని లేపే కూలి ఎవరివ్వాలి, పెట్టెలో మందు అయిపోతే మళ్ళీ ఎవరు నింపాలి? ఆ ఐదుగురికి పరీక్ష చేసే చెయ్యి ఇచ్చారు గానీ, ‘ఇవాళ ఈ నల్లా బందు’ అని చెప్పగలిగే నోరు ఇవ్వలేదు. నీరటి అణగారినవాడే అయినా, కట్ట ఊరుతోందని కేక వేస్తే పటేలు కూడా చెప్పులు వేసుకోకుండా పరుగెత్తుకొచ్చేవాడు.

2007లో ప్రపంచ బ్యాంకు అప్పుతో సామాజిక చెరువుల యాజమాన్య ప్రాజెక్టు వచ్చింది. మూడు వేల చెరువులు లక్ష్యంగా పెట్టుకున్నారు. తర్వాత తగ్గించారు. ఇందులో మట్టిపని కంటే మనుషుల్ని తయారు చేయడానికి పెద్దపీట వేశారు. ఊళ్ళో చదువుకున్న కుర్రాళ్ళను పారావర్కర్లుగా తీసుకుని సంఘం పుస్తకాలు రాయడం నేర్పారు. చెరువుకో కమిటీ, కమిటీకో ప్రణాళిక, చేపలవాళ్ళకూ కమిటీలో చోటు. కాగితం మీద చూస్తే 1997 చట్టం వదిలేసిన వాళ్ళను మళ్ళీ లోపలికి పిలిచిన ప్రయత్నం. దానికి దణ్ణం పెట్టాలి. కానీ ప్రాజెక్టుకు ముగింపు తేదీ ఉంటుంది, చెరువుకు ఉండదు. జీతం ఆగిన మర్నాడు పారావర్కర్ సెల్‌ఫోన్ దుకాణం పెట్టుకున్నా, వరంగల్ పోయి ప్రైవేటు బడిలో చేరినా తప్పు పట్టేవాళ్ళెవరు? రాష్ట్రం రెండుగా చీలి, ప్రాధాన్యాలు మారి, ఆ పుస్తకాలు ఏ బీరువాలో ఉన్నాయో అడిగే నాథుడు లేకుండా పోయాడు. గచ్చిబౌలిలో స్వీడన్ సాయంతో 1992లో పుట్టిన ఎప్ట్రి వంటి పర్యావరణ శిక్షణ సంస్థలు పట్నంలో అధికారులకు మంచి పాఠాలే చెప్పాయి. ఆ పాఠం వర్ధన్నపేట కట్ట దాకా నడిచి రావాలంటే ఇక్కడ అందుకునే మనిషి ఉండాలి కదా.

చట్టం మాట కూడా చెప్పుకోవాలి. ఇరాన్‌లోని రామ్‌సార్‌లో 1971 ఫిబ్రవరి 2న కుదిరిన ఒప్పందం ప్రకారం మనిషి తవ్విన చెరువూ చిత్తడి నేలే, వరి మడీ చిత్తడి నేలే. మన దేశం 1982లో అందులో చేరింది. 2010 నాటి మన చిత్తడి నేలల నిబంధనల్లో చెరువులు, జలాశయాలు ఉన్నాయి. 2017లో కొత్త నిబంధనలు వచ్చాయి. సాగునీటి కోసం ప్రత్యేకించి కట్టినవీ, తాగునీటి కోసం కట్టినవీ చిత్తడి నేలల నిర్వచనంలోంచి బయటికి పోయాయి. కాకతీయులు చెరువులు కట్టింది సాగుకే. అంటే వర్ధన్నపేటలో కొంగ దిగే ప్రతి నేలా, కలువ పూసే ప్రతి నీరూ చిత్తడి నేలల చట్టం లెక్కలో చిత్తడి నేల కాకుండా పోయే ప్రమాదంలో పడ్డాయి. కొల్లేరుకు 2002లో రామ్‌సార్ గుర్తింపు దొరికింది, సరస్సును ఆక్రమించిన చేపల చెరువుల గట్లు తెంచడానికి 2006లో యంత్రాలు దిగాయి. కొల్లేరంత పెద్ద సరస్సు కాబట్టి కనీసం గొడవ జరిగింది. వర్ధన్నపేట కోనారెడ్డి చెరువు లాంటి ఊరి చెరువు కోసం ఏ న్యాయస్థానంలో ఎవరు వాదిస్తారు? ఫిబ్రవరి 2 వచ్చిందంటే బడిపిల్లలకు చిత్తడి నేలల మీద వ్యాసరచన పోటీ పెడతారు. పిల్లలు కొల్లేరు గురించీ, చిలికా గురించీ రాస్తారు. బడి వెనకున్న చెరువు గురించి రాయమని చెప్పేవాళ్ళు తక్కువ.

2015 మార్చి 12న సదాశివనగర్‌లో చెరువుల పునరుద్ధరణకు మిషన్ కాకతీయ మొదలైంది. లెక్క తేల్చిన చెరువులు, కుంటలు 46,531. మా వైపు వాళ్ళకు ఆ పేరే ఒక పులకింత. యంత్రాలు దిగి పూడిక తీశాయి, రైతులు సొంత ట్రాక్టర్లతో ఒండ్రుమట్టి చేలకు తోలుకున్నారు, చాలా చెరువుల్లో మళ్ళీ నీళ్ళు నిలిచాయి. దీన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్ళు ఆ వేసవుల్లో ఊళ్ళు చూసి ఉండరు. అయినా ఒక మాట దాచలేను. పూడిక తీసే యంత్రానికి ఎగువ మూల జమ్ముకూ అడుగు బురదకూ తేడా తెలియదు. ఆ తేడా చెప్పగలిగినవాణ్ణి యంత్రం పక్కన నిలబెట్టాలని ఎవరికీ తోచలేదు. కొన్నిచోట్ల పూడికతో పాటు వడపోత కూడా ఎత్తుకుపోయింది. తర్వాత ఉచిత చేపపిల్లలు వచ్చాయి. బొచ్చె, రవ్వ బరువు తూగాయి. గడ్డిలో దాక్కునే నాటు చేపకు దాక్కునే గడ్డి తగ్గింది.

మిషన్ భగీరథ నల్లాలు ఇంటింటికీ వచ్చాక ఇంకో తాడు తెగింది. ఫ్లోరైడ్ నీళ్ళతో నడుములు వంగిన జిల్లాలకు అది పెద్ద వరం, అందులో సందేహం లేదు. కానీ తాగే నీరు ఎక్కడో నదిలోంచి వస్తుంటే ఊరి చెరువు తాగని నీరైపోయింది. తాగని నీటిలో ఏం పారబోసినా నోటికి తగలదనుకున్నాం. బోర్లలోకి ఇంకేది ఆ నీరేనన్న మాట ఎవరికీ తట్టలేదు. 2018లో వర్ధన్నపేట మున్సిపాలిటీ అయింది. పల్లె పట్నమయ్యేటప్పుడు తెలుగునేలంతటా జరిగేది ఒకటే. ఇళ్ళు పెరుగుతాయి, మరుగుదొడ్లు పెరుగుతాయి, మురుగు కాలువలు సిమెంటుతో కడతారు. కాలువ ఎక్కడో ఒకచోట తేలాలి కదా, పల్లంలో ఉన్నది చెరువే. మొదట నురగ వస్తుంది, తర్వాత గుర్రపుడెక్క వస్తుంది. ఊదా పూలు చూసి బాగుందని ఫొటోలు తీసుకునేలోపు నీటి మొహం కనిపించదు. ఆ నీరు మత్తడి దుంకితే కింది చెరువుకు, అక్కణ్ణించి వాగుకు. గొలుసుకట్టు నీళ్ళను ఎలా మోసిందో మురుగునూ అంతే నమ్మకంగా మోస్తుంది. ఆకేరులో ఇసుక ఉన్నన్నాళ్ళు ఆ ఇసుకే వడపోత, చెలిమ తీస్తే తేట నీరు ఊరేది. ఇసుకను ట్రాక్టర్లు ఎక్కించాక బండ మీద పారే నీటికి వడపోత ఏముంది? తీర్థాల దగ్గర ఆకేరు మున్నేరులో కలుస్తుంది, మున్నేరు కృష్ణలో. ఏ జిల్లావాళ్ళు ఏ జిల్లా మురుగు తాగుతున్నారో పంచాయితీ పెట్టడం కష్టం.

2023 జులై వానలకు వరంగల్‌లో భద్రకాళి చెరువు కట్ట పోతననగర్ వైపు తెగింది. నగరం నడిబొడ్డున, ఇంజినీర్లున్న చోట, కెమెరాలున్న చోట. ఆ మరుసటి ఏడాది నవంబరులో పూడిక తీయడానికి ఆ చెరువును పూర్తిగా ఖాళీ చేశారు. దానికి రెండు నెలల ముందు, 2024 సెప్టెంబరు 1న, ఆకేరూ మున్నేరూ పొంగాయి. మరిపెడ దగ్గర సీతారాం తండా మునిగింది, కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింద కంకర కొట్టుకుపోయింది, ఖమ్మం కాలనీల్లో జనం మిద్దెలెక్కారు. అంత వానకు ఏ నీరటైనా ఏం చేయగలడని అడగొచ్చు. వానను ఆపలేడు. పై చెరువు నిలుస్తుందో తెగుతుందో సాయంత్రానికే చెప్పగలిగేవాడు. చెప్పడానికి అతను లేడు, చెబితే వినే అలవాటు ఊరికీ పోయింది.

చివరి అంకం 2023లోనే జరిగింది, నిశ్శబ్దంగా. ఊరి సేవకుల వారసులుగా మిగిలిన గ్రామ రెవెన్యూ సహాయకుల వ్యవస్థను తెలంగాణ ప్రభుత్వం రద్దు చేసి, 20,555 మందిలో ఎక్కువమందిని చదువును బట్టి రకరకాల శాఖల్లో సర్దింది. నీరటి, మస్కూరి, తలారి కొలువుల ఆనవాళ్ళు ఆ పేరు కిందే ఉండేవి. అందులో కొందరు నీటిపారుదల శాఖలో కాలువలు, తూములు చూసే లష్కర్లయ్యారు. తాతలు మేర గింజలకు చేసిన పనికి మనవళ్ళకు పే స్కేలు వచ్చింది. ఈ కథలో ఒప్పుకోదగ్గ న్యాయం ఇదొక్కటే. వాళ్ళలో డిగ్రీ చదివినవాళ్ళున్నారు, ఫోన్‌లో ఫొటో తీసి పంపడం, నీటిమట్టం నమోదు చేయడం వాళ్ళకు చిటికెలో పని. కట్ట వెనక ఊట బురదగా ఉందా తేటగా ఉందా చూసి నిద్ర మానుకోవడం మాత్రం తాత దగ్గర నేర్చుకోవాల్సింది. మధ్యతరం హైదరాబాద్ పోవడంతో ఆ పాఠం దిగలేదు. ఎనభై దాటిన నీరటులు అక్కడక్కడ ఊళ్ళలో ఇంకా ఉన్నారు, కళ్ళు మసకేసినా చెరువు ఏ మూలన ఎంత లోతో చెబుతారు. నీటి పరీక్షకు, చెరువుల పునరుద్ధరణకు, చిత్తడి నేలల సంరక్షణకు పెట్టిన ఇన్ని తరగతుల్లో వాళ్ళలో ఒక్కరినైనా పాఠం చెప్పడానికి పిలిచి, ఆ రోజు కూలి కట్టి ఇచ్చినట్టు నేనెక్కడా చూడలేదు.